కామావో కోసం ఈల

వయిమేయ, కవాయి దీవి
మార్చి మొదటి వారం

పలానీ అన్నయ్యకి,

కిందటి ఉత్తరంలో అడవి గురించి రాయమన్నావు. ఆ జైలు చుట్టూ చెట్టన్నదే లేదనీ, కంచె అవతల ఇసుక, ఇసుక అవతల మళ్ళీ కంచె అనీ రాశావు. ఇవాళ నా దగ్గర అడవి తప్ప వేరే కబురు లేదు. నిన్ననే అలకాయి చిత్తడి అడవి నుంచి దిగాను. బట్టలు దండెం మీద ఉన్నాయి, ఈ వారంలో ఆరతాయని ఆశ లేదు.

ముందు ఇంటి సంగతి. నానమ్మ బాగానే ఉంది, అంటే అందరినీ తిడుతోంది. గుండె సగమే పనిచేస్తోందని డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. ఆ సంగతి ఆవిడకి ఆయన కంటే ముందే తెలుసు. నాన్న పేరున ఖాళీ పెట్టె పూడ్చి ప్రార్థన చేసేద్దామని పాస్టరు గారు మళ్ళీ వచ్చారు. నానమ్మ ఆయన్ని మెట్లెక్కనివ్వలేదు. "నా కొడుకు ఎముకలు ఇంటికి రానీ. వాటి పక్కన నాకూ చోటు తవ్వండి. అప్పటిదాకా మీకు నాతో పనిలేదు," అంది. నాన్న వెళ్ళిన రోజు తను ఒక్కసారి "ఎక్కడికిరా?" అని అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అంటుంది. ఎలా అడుగుతుంది? మనది వేటగాళ్ళ ఇల్లు. ఎక్కడికని అడగకూడదు, చెప్పకూడదు, పందులు వింటాయి. నాన్న "అలా తిరిగొస్తా" అన్నాడు. అంతే. హెలికాప్టర్లూ కుక్కలూ రెండు వారాలు ఆయన వేటాడే పందుల వాలు మీదే వెతికాయి.

సరే, అడవి. తుఫానుకి చెట్లు కూలి మూసుకుపోయిన, పిట్టల లెక్కకి నడిచే పాత లైను గుర్తుందా, లోయ అంచు దాకా పోయేది? ఈ ఏడాది దాన్ని మళ్ళీ కొట్టి తెరిచారు. అది నా వంతుకి వచ్చింది. ఎప్పటిలాగే నాతో లెక్కకి వచ్చిన మిట్స్ అంకుల్ పక్క లైను తీసుకున్నాడు. అడవి మొదట్లో నిలబడి, నానమ్మ నేర్పిన మాటలతో లోపలికి రావచ్చా అని అడిగాను. జవాబు కోసం ఆగాను. ఆకు కదల్లేదు. మిట్స్ అంకుల్ తన ముసుబి అన్నం ముద్ద నములుతూ, అడవికింకా తెల్లారలేదు, పద పద అన్నాడు. నాకు మాత్రం అడగకుండా ఎవరింట్లోకో పోతున్నట్టే అనిపించింది.

పని నీకు తెలిసిందే. గుర్తు కట్టిన ప్రతి చోటా ఎనిమిది నిమిషాలు కదలకుండా నిలబడాలి. విన్న పిట్టనల్లా, ఎంత దూరం నుంచి విన్నామో రాయాలి. పిలవకూడదు, ఈల వేయకూడదు. మంచులో కళ్ళతో పనేం లేదు. మొదటి చోట నాలుగు అపపనే పిట్టలు. తర్వాత రెండు, ఒక ఎలెపయో. ఆ తర్వాత చోటు నుంచి చోటుకి ఖాళీ. చెట్ల నుంచి కారే నీళ్ళూ, చెవి దగ్గర దోమా. మన చిన్నప్పుడు అంత ఎత్తున దోమ ఉండేది కాదు. ఇప్పుడు అవి కుట్టిన జ్వరానికి పిట్టలు చస్తున్నాయి, పిట్టల కంటే అవే ఎక్కువ. ఎనిమిది నిమిషాలు నిలబడి కాగితం మీద సున్నా వేయడం ఎలా ఉంటుందో చెప్పలేను అన్నయ్యా. చచ్చినవాళ్ళ ఇంటి తలుపు కొట్టి నిలబడ్డట్టుంటుంది.

ఆఖరి గుర్తు దగ్గర విన్నాను. లోయ అంచు వైపు నుంచి, నా ఎడమగా. మొదట తడబడుతున్నట్టు రెండు ముక్కలు, తర్వాత సన్నగా పైకి ఒక తీగ. నాన్న మెట్ల మీద కూర్చుని ఈల వేసి మనకి వినిపించేవాడే, అదే. కామావో. ఆఖరి జతని చెవులారా విన్నానని ఎన్నిసార్లు చెప్పేవాడు, నువ్వు కడుపుబ్బా నవ్వేవాడివి.  మళ్ళీ వినబడుతుందని నిలబడ్డాను. రాలేదు.

మే నెలలో ఆఫీసువాళ్ళు కూర్చుని కామావోని బతికున్న పిట్టల జాబితాలోంచి తీసేస్తారు. నేను విన్నానని రాస్తే తీయరు. ఆ లోయకి కంచె వస్తుంది, మనుషులు వస్తారు, దోమల పని పడతారు. నేను పొరపడితే, కెఓకి కూతురు కదా, నాన్న పిచ్చి దీనికీ అంటుకుంది అంటారు. ఇంకా రాయలేదు. ఏం చెయ్యమంటావు?

నీ
కేహౌ


అరిజోనా
మార్చి చివర

కేహౌ,

రాయకు.

అది షామా అయ్యుంటుంది. బయటి నుంచి తెచ్చి వదిలిన ఆ పిట్ట ఏ కూతైనా కూస్తుంది, మనింటి వెనక ఉన్నది పక్కింటి ట్రక్కు రివర్స్ మోత కూసేది. మంచులో ఒక్కసారి విన్నదానికి ఇంత గొడవ దేనికి? నలుగురిలో నవ్వులపాలవుతావు. పైగా ఆ లైను చివరికి ఒక్కదానివీ పోకు. అక్కడ అంచు వదులు నేల.

ఇక్కడ అంతా మామూలే. అన్నం రబ్బరులా ఉంటుంది. మావాళ్ళలో ఒకడు మన చేమదుంప ముద్ద, ఆ "పోయి" కోసం ఏడ్చాడు, నిజంగానే ఏడ్చాడు, ఆరడుగుల మనిషి. నానమ్మని మందులు వేసుకోమను. నా మాటగా చెప్పు, తిడుతుంది, అయినా చెప్పు.

ఆ కూత చివర ఎలా ఆగింది? పైకి పోయి గలగలా విరిగిందా, ఇంకోలాగా? ఊరికే అడుగుతున్నా.

పలానీ


వయిమేయ
ఏప్రిల్

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి కోపం వచ్చింది, దాచుకోను. నేను హోనలులులో చదువుకుంటున్నప్పుడు నువ్వు నాన్న వెనక అడవిలో ఉన్నావు. ఒప్పుకుంటాను. అందుకని నాకు చెవులు లేకుండా పోవు. షామా కూత నాకు తెలియదా? పదేళ్ళుగా ఇదే నా కూడు.

మళ్ళీ వెళ్ళాను. ఒక్కదాన్నే కాదు, భయపడకు, మిట్స్ అంకుల్‌ని లాక్కుపోయాను. లైను చివర ఇద్దరం రెండడుగుల దూరంలో నిలబడ్డాం. ఎనిమిది నిమిషాలు అయిపోయాయి. ఇంకో ఎనిమిది. ఆయన గడియారం వైపు చూస్తున్నాడు. అప్పుడు మొదలైంది.

నువ్వు "ఊరికే" అడిగినదానికి జవాబు. పైకి పోయి విరగలేదు. సన్నగా పైకి పోయి, ఇక పోలేక, రెండు అడుగు స్వరాల్లోకి దిగింది. ఒకటి, దాని కింద ఇంకొకటి, అంతే. తర్వాత కాసేపు నిశ్శబ్దం, అవతల ఎవరో బదులిస్తారని ఆగినట్టు. మళ్ళీ మొదటి నుంచీ. చిన్నప్పుడు నాన్న దగ్గర నేను విన్నదానికి ఈ ముగింపు లేదు. మిట్స్ అంకుల్ మాత్రం, ముసలి పిట్ట అయ్యుంటుంది, జత లేక మర్చిపోయి ఉంటుంది అన్నాడు. అని ఆ బురదలోనే చతికిలబడ్డాడు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంకోటి రాయాలా వద్దా అని ఆలోచించాను. అది దూరం నుంచి మా వైపే వచ్చింది. మంచులో రూపం కనపడలేదు గానీ కూత కూతకీ దగ్గరైంది. ఆ అడవిలో ఏ పిట్టా మనిషి వైపు అలా రాదు. మా తలల మీదకి వచ్చి ఆగి, మేము ఏదో చెయ్యాలన్నట్టు ఎదురుచూసింది. మేము చెయ్యలేదు. వెళ్ళిపోయింది. వెళ్ళాక నాకు చెప్పలేనంత దిగులు పట్టుకుంది, భయం కూడా. ఇంటికొచ్చి నానమ్మకి చెబితే, పిట్ట సంగతి పక్కన పెట్టి, "అది నిన్ను గుర్తుపట్టిందేమో," అంది.

ఇద్దరం విన్నాం కాబట్టి ఇక ఎవరూ నవ్వలేరు. ఫారం నింపాను. మే మొదట్లో ఇస్తాను. నానమ్మ ఇప్పుడు మంచం దిగడం లేదు.

కేహౌ


అరిజోనా
ఏప్రిల్ చివర

చెల్లీ,

ఆ ఫారం ఇవ్వకు. ఈసారి ఎందుకో చెబుతాను. ఈ ఉత్తరం నీకంటే ముందు ఒక గార్డు చదువుతాడు, చదువుకోనీ. చోటు పేరు నోటితో చెప్పకూడదని నాన్న నేర్పాడు. కాగితం మీద కూడా చేయి ఆడటం లేదు. రెండు రోజులు రాసి చింపాను.

నువ్వు హోనలులు వెళ్ళిన ఏడాది జీపుని లాగే గొలుసు తెగి తగిలి నాన్న ముందు పన్ను విరిగింది, గుర్తుందా? నువ్వు ఫోన్లో తెగ నవ్వావు. ఆ పన్ను లేక కామావో పాట చివర ఆ గలగల ఆయనకి పలకలేదు. ఎంత ప్రయత్నించినా గాలి తప్పించుకునేది. విసిగిపోయి దాని బదులు రెండు అడుగు స్వరాలు పెట్టుకున్నాడు. ఒకటి, దాని కింద ఇంకొకటి. ఇంట్లో ఎప్పుడూ వేయలేదు, నానమ్మ ముందు ఆయనకి సిగ్గు. అడవిలోనే వేసేవాడు.

పిట్ట పోయిందని అందరూ అన్నాక కూడా ఆయన ఆగలేదు. నన్ను తీసుకుపోయేవాడు. వేటకని తుపాకీ, కుక్కలు, అన్నీ సర్దుకుని బయల్దేరేవాళ్ళం. సగం దారిలో కుక్కల్ని కట్టేసి లోయ అంచుకి తిరిగేవాళ్ళం. అక్కడ కూర్చుని ఈల వేసేవాడు. ఆగేవాడు. మళ్ళీ వేసేవాడు. మీ లెక్కల్లో పిలవకూడదన్న నియమం ఆయనకి తెలుసు. "లెక్క పెట్టడానికి రాలేదురా, పలకరించడానికొచ్చా," అన్నాడు ఒకసారి. నేను పక్కన వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చునేవాణ్ణి. విసుగొచ్చేది. నాకు పెద్దగా పట్టేది కాదు.

అక్కడ జవాబిచ్చింది కామావో కాదు, షామా. దాని ముందు ఎవరు ఏది కూస్తే అది కూస్తుంది. నేను ఉన్న రోజుల్లోనే మొదటి ముక్క పట్టేసింది. నాన్నకి అది చూసి కోపం వచ్చి రాయి విసిరాడు. తర్వాత పాపం, ఎవరో ఒకరు నేర్చుకున్నారులే అన్నాడు.

నేను ఇక్కడికి రాకముందే ఆయన నాతో మానేశాననే చెప్పాడు. నేను నమ్మాను. అందుకే నాన్న కనపడలేదని కబురొచ్చినప్పుడు నేనూ మీలాగే పందుల వాలే అనుకున్నాను. ఇప్పుడు చూడు. నేను ఎరిగిన షామాకి చివరి ముక్క రాదు. నీది పాటంతా కూసింది, మనిషి దగ్గరికి వచ్చింది, ఆగి ఎదురుచూసింది. ఎన్ని ఉదయాలు ఆయన పక్కన గడిపితే అంత చనువు వస్తుంది? నాన్న మానలేదు కేహౌ. చివరిదాకా అక్కడికే పోయాడు. ఆ రోజూ అక్కడికే పోయాడు.

ఆఖరి గుర్తు దాటి, లోయని కుడి చేతికి ఉంచుకుని నడువు. నీళ్ళ చప్పుడు మొదటిసారి ఆగిన చోట ఒక పెద్ద ఓహియా చెట్టు అంచు మీదకి వాలి ఉంటుంది. దాని వేళ్ళ కింద వాన తగలని చోటు ఉంది, ఇద్దరు పడతారు. మిట్స్ అంకుల్‌ని తీసుకెళ్ళు.

నువ్వు పిట్ట దొరికిందనుకున్నావు. దాన్ని నీ దగ్గర నుంచి లాక్కుంటున్నాను, తెలుసు. ఏం చెయ్యను.

పలానీ


వయిమేయ
మే

అన్నయ్యా,

నాన్న దొరికాడు.

నువ్వు చెప్పినట్టే నడిచాం. నీళ్ళ చప్పుడు ఆగింది. ఓహియా కనపడకముందే అది వినపడింది, మమ్మల్ని చూసి ఎదురొచ్చింది. ఆ రోజు మంచు లేదు. నల్లటి పిట్ట, ఇటుక రంగు పొట్ట, పొడుగాటి తోక. షామా. కొమ్మ మీద కూర్చుని మా మొహాల్లోకి చూస్తూ నాన్న ఈల మొత్తం వేసింది, విరిగిన పన్నుతో సహా.  చచ్చిపోయిన మనిషి గొంతు వెలుగులో, బతికిన పిట్ట నోట్లోంచి వింటే ఎలా ఉంటుందో నీకు రాయలేను. భయపడ్డాను. అంతలోనే అది ఆగకూడదనీ అనిపించింది.

నాన్న ఆ చెట్టు వేళ్ళ కిందే ఉన్నాడు. రబ్బరు బూట్లు, వానకోటు, వాటిలో ఆయన. ఎముకలన్నీ లేవు, పందులు వచ్చి పోయాయి. తల ఉంది. పెద్ద ఎముకలు ఉన్నాయి. పడిపోయిన తీరు కాదు, వీపు చెట్టుకి ఆని ఉంది. మిట్స్ అంకుల్ టోపీ తీసి, "కెఓకీ, మేం ఇటు రావాలని మాకు తట్టలేదయ్యా," అన్నాడు. నేను ఆ పన్ను ఖాళీని చూశాను. అప్పుడు ఏడుపు వచ్చింది.

పోలీసులు వచ్చారు, హెలికాప్టరు వచ్చింది. పరీక్షలన్నీ అయ్యాక ఇస్తామన్నారు. నానమ్మకి నేనే చెప్పాను.  ఎటు తిరిగి కూర్చున్నాడని అడిగింది. లోయ వైపు అన్నాను. "అయితే దారి తప్పలేదన్నమాట," అంది. ఇన్నాళ్ళూ ఊరంతా దారి తప్పాడనే అన్నారు కదా. నాన్నకి అడవిలో దారి తప్పిందన్న మాట ఆవిడని చావు కంటే ఎక్కువ బాధపెట్టిందని నాకు అప్పుడే తెలిసింది. మంచం దిగి, గోడ పట్టుకుని వెళ్ళి మొహం కడుక్కుంది.

ఫారం చింపేశాను. కొత్తది నింపాను. ఆఖరి గుర్తు, షామా, ఒకటి. ఆ ఒక్క గీత గీయడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. ఈ నెలాఖరుకి కామావో లేదని తీర్మానిస్తారు. నేను కూడా చేయెత్తాలి.

కేహౌ


అరిజోనా
జూన్

కేహౌ,

నీ ఉత్తరం వచ్చిన రోజు భోజనానికి వెళ్ళలేదు. ఇక్కడున్న మన దీవులవాళ్ళు నా పళ్ళెం తెచ్చి తలుపు దగ్గర పెట్టారు. ఖననానికి పంపమని అర్జీ పెట్టాను. సముద్రం దాటించడం కుదరదన్నారు. అనుకున్నదే.

ఒక్కటి చెయ్యి నా కోసం. పూడ్చేటప్పుడు నా బదులు ఆ ఈల వెయ్యి. ఆయన వేసినట్టే, చివర రెండు అడుగు స్వరాలతో. అన్నేళ్ళు పలకరించాడు, ఒక్కసారైనా ఆయనకి ఎవరో బదులు పలకాలి. పక్కన కూర్చున్న రోజుల్లో నేను వేయగలిగేవాణ్ణి. నాకు తట్టలేదు.

పలానీ


వయిమేయ
జూన్ చివర

పలానీ అన్నయ్యా,

నాన్న ఇంటికొచ్చాడు. తెల్లటి గుడ్డలో, నానమ్మ ఒళ్ళో పట్టేంత మూట. ఇచ్చిన పెట్టె ఆవిడకి నచ్చలేదు, "వీడేమన్నా బూట్ల జతా?" అని తీయించేసింది. ఉదయమంతా వరండాలో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నిన్ను తిట్టింది, నన్ను తిట్టింది, నాన్నని అయితే ముక్కచివాట్లు పెట్టింది, ఎక్కడికి పోతున్నావో కన్నతల్లికి చెప్పొద్దా అని. ఆవిడ అంత తేలిగ్గా ఊపిరి తీసుకోవడం నేను చూసి చాలా రోజులైంది. పాస్టరు గారిని మెట్లెక్కనిచ్చింది.

ఇంటి వెనక తాతయ్య పక్కన తవ్వారు. మిట్స్ అంకుల్ తవ్వాడు, ఎవరికీ పార ఇవ్వలేదు. నానమ్మ చోటు కూడా అప్పుడే కొలిపించింది. వచ్చినవాళ్ళంతా నా వైపు చూశారు, నువ్వు అడిగిన సంగతి వాళ్ళకి చెప్పి ఉంచాను.

నోరు తెరిచాను. మామిడి కొమ్మ మీద ఒక షామా ఉంది అన్నయ్యా. మామూలు పిట్టే, పక్కింటి ట్రక్కు మోత కూసేదే. తల పక్కకి వంచి నన్నే చూస్తోంది. నేను వేస్తే అది పట్టేస్తుంది. పిల్లలకి నేర్పుతుంది. ఇంకో పదేళ్ళకి, ఇరవై ఏళ్ళకి, నాలాంటిదెవరో ఒకతి మంచులో నిలబడి దాన్ని వింటుంది. ఆ పిట్ట బతికే ఉందని నమ్ముతుంది. ఆ ఒక్క నెల నేను ఎంత సంతోషంగా ఉన్నానో, తర్వాత ఏమైపోయానో నాకు తెలుసు. ఇంకెవరికీ అది వద్దు. ఊరుకున్నాను. నువ్వు అడిగింది చేయలేకపోతున్నానని తెలుసు.

నానమ్మ గ్రహించింది. పిట్టని చూసింది, నన్ను చూసింది. మూట నా చేతుల్లో పెట్టి, "చెవిలో చెప్పవే," అంది.

మోకాళ్ళ మీద కూర్చున్నాను. గుడ్డ కాస్త తొలగించి, పెదాలు ఆ తల ఎముకకి ఆనించి ఈల వేశాను. తడబడే రెండు ముక్కలు, పైకి పోయే తీగ, ఇక పోలేక రెండు అడుగు స్వరాలు. ఊపిరి కంటే గట్టిగా లేదు. మామిడి చెట్టు దాకా పోలేదు. నాన్న ఒక్కడికే వినపడింది.

నీ
కేహౌ